ఇంటి ముంగిట లారీ కమానుల మార్పు

యాసంగి కోతలు ముగియు నాటికి మెదకు పరిసరములలోని బాటలపై ధాన్యపు లారీల రాకపోకలు హెచ్చును. మంజీరపై 1905లో నిర్మింపబడిన ఘనపురం ఆనకట్ట క్రింది పంట కొనుగోలు కేంద్రములకును, అచ్చటి నుండి మిల్లులకును చేరునది ఈ వాహనముల మీదనే. బాటలోని గతుకులు, పైనున్న బరువు కలిసి మొదట దెబ్బతీయునది కమానులను. పట్టీ విరిగిన బండిని పట్టణమునకు తరలించుట కష్టము గనుక పలువురు ఇంటి ముంగిటనే క్రొత్తవి బిగించుకొనుచున్నారు. ఈ పని అసాధ్యము కాదు. కాని క్రమము తప్పినచో ప్రాణాంతకము.

మెదకు పట్టణ శివారున మేము చూచిన దృశ్యము మరువరానిది. చిన్న లారీ వెనుక భాగమును ఒక్క జాకీపై లేపి, చక్రము నూడదీసి, యజమాని దాని క్రింద పరుండి బోల్టులు విప్పుచుండెను. పదేండ్ల కుమారుడు ప్రక్కన కూర్చుండి పానాలందించుచుండెను. ముందటి రాత్రి అకాల వర్షము కురిసి నేల మెత్తబడినది. జాకీ అడుగు మెల్లగా ఒక ప్రక్కకు దిగుచుండెను. కేకవేసి అతనిని వెలికి రప్పించితిమి. కొద్దిసేపటికే జాకీ ఒరిగి బండి నేలనంటినది. పిల్లవాడు పానా చేతబట్టి అట్లే నిలిచిపోయెను. ఆ కొద్ది వ్యవధియే ఈ వ్యాసమునకు కారణము.

కమాను పనిచేయు విధము

మన ఎడ్లబండ్లకు కమానులు లేవు, జట్కాలకు ఉండెడివి. 1804లో ఇంగ్లండున ఒబడయా ఎలియట్ అను బండ్ల తయారీదారు కమానులపై బండిని నిలుపు పద్ధతికి పేటెంటు పొందెను. నేటి లారీలలోని కమాను కట్టలో ఒకదాని క్రింద నొకటిగా పొడవు తగ్గుచు పోవు ఉక్కు పట్టీలుండును. పెద్దపట్టీ రెండు కొసలును గుండ్రముగా చుట్టబడి యుండును. ఒక కొస ఛాసిసునకు పిన్నుతో బిగియును. రెండవది షాకిలు అను ఊగెడు లంకెకు తగిలియుండును. బరువు పడినపుడు వంపు తగ్గి కట్ట సాగును; ఆ సాగుదలకు చోటిచ్చునది షాకిలే. నడుమనున్న సెంటరు బోల్టు ఇరుసు స్థానమును నిలుపును. యూ బోల్టులు కట్టను ఇరుసునకు అదిమిపట్టును.

మార్చు క్రమము

మొదట సరుకు పూర్తిగా దింపి, బండిని గట్టి సమతలమైన నేలపై నిలుపవలెను. వెనుక చక్రములు లేచినచో చేతి బ్రేకు బండిని ఆపజాలదు. కావున ముందు చక్రములకు ఇరువైపుల అడ్డు పెట్టవలెను. జాకీ లేపుటకే గాని, నిలుపుటకు గాదు. ఛాసిసు క్రింద రెండు ప్రక్కలను బరువునకు తగిన ఇనుప స్టాండులుంచవలెను. ఇటుకలు, రాళ్లు పనికిరావు.

పిదప ఇరుసును వేరొక జాకీపై ఆనించి, కమానుపై ఒత్తిడి తీసిన తరువాతనే యూ బోల్టులు విప్పవలెను. బ్రేకు గొట్టము లాగబడకుండ చూడవలెను. క్రొత్త కట్టలో సెంటరు బోల్టు తల ఇరుసు దిమ్మెపై గల రంధ్రమున సరిగా కూర్చుండవలెను. లేనిచో ఇరుసు ప్రక్కకు జరిగి బండి అడ్డముగా నడచును. పాత యూ బోల్టుల మరలు సాగియుండును గనుక క్రొత్తవే వాడవలెను. నట్లను ఎదురెదురుగా, కొంచెము కొంచెముగా, తయారీదారు తెలిపిన బిగువు వరకు బిగింపవలెను. రబ్బరు బుష్షులున్నచో పిన్నుల తుది బిగింపు బండి చక్రములపై నిలిచిన పిమ్మటనే జరుగవలెను. కొంతదూరము సరుకుతో నడిపి యూ బోల్టులను తిరిగి బిగించుట తప్పనిసరి. ఒక ప్రక్కనే మార్చినచో బండి ఒరుగును. రెండు ప్రక్కలను మార్చుట మేలు.

చేయరాని పనులు

విరిగిన పట్టీని కొలిమిలో కాల్చి అతికించుట, వెల్డింగు చేయుట కూడదు. కమాను ఉక్కునకు తగిన వేడి, తగిన చల్లార్పు ఇచ్చి పదును పట్టింతురు. తిరిగి కాల్చిన చోట ఆ పదును పోవును. అధిక పట్టీలు చేర్చి అధిక బరువు మోయింపవచ్చుననుట మరియొక భ్రమ. కమాను గట్టిపడినంత మాత్రమున ఇరుసు, టైర్లు, బ్రేకులు గట్టిపడవు. 1988 నాటి మోటారు వాహనముల చట్టమునకు 2019లో వచ్చిన సవరణ ప్రకారము పరిమితి మించిన బరువునకు 20,000 రూపాయలును, ప్రతి అదనపు టన్నునకు మరి 2,000 రూపాయలును జరిమానా గలదు.

స్టాండులు లేనివారు, బిగువు కొలుచు పానా లేనివారు మెకానికును ఇంటికి పిలుచుకొనుట ఉత్తమము. ఆ కూలి మిగులు కొరకు బండి క్రిందికి దూరు ముందు, పానా అందించు బిడ్డ ముఖమొకసారి చూడుడని మా మనవి.