రిపోర్టు నార్మల్, పేగు మాత్రం ఇరుకు

"సిస్టరమ్మా, రక్త పరీక్ష బాగుందన్నారు, మల పరీక్ష బాగుందన్నారు. మరి తిన్న గంటకే కడుపు ఎందుకు మెలిపెడుతోంది?" క్రోన్స్ వ్యాధికి మందులు వాడుతున్నవారు మమ్మల్ని అడిగే ప్రశ్న ఇది. రిపోర్టు బాగుంటే అంతా బాగున్నట్లేనని ధైర్యం చెప్పి పంపిన రోజులు మాకూ ఉన్నాయి. అందుకే ఈ పాఠం.

క్రోన్స్ వ్యాధిలో పేగు గోడకు వాపు, పుండ్లు వస్తాయి. ఎక్కువగా చిన్నపేగు పెద్దపేగుతో కలిసే చోట వస్తాయి. ఇది పట్నం వారి జబ్బు అనుకునేవారు. కాని హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు తెలంగాణ పల్లెల్లో శిబిరాలు పెట్టి చూశారు. కడుపు బాధలతో వచ్చిన పల్లె వారిలోనూ పేగు వాపు వ్యాధులు దాదాపు పట్నం వారిలో ఉన్నంతగానే ఉన్నాయని 2023లో ప్రకటించారు.

చేతి మీద వేడి గంజి ఒలికిందనుకోండి. కొన్నాళ్ళకు ఎరుపు, మంట తగ్గుతాయి. కాని లోతుగా కాలితే, మానిన చర్మం ముడుచుకుపోయి మోచెయ్యి చాపనివ్వదు. పేగులోనూ అంతే. వాపు మళ్ళీ మళ్ళీ వచ్చిన చోట కొల్లాజెన్ అనే గట్టి పదార్థం పేరుకుని, దారి సన్నబడుతుంది.

మనం చేయించే పరీక్షలు మంటను కొలుస్తాయి, మచ్చను కాదు. సి.ఆర్.పి. అనేది ఒంట్లో వాపు ఉన్నప్పుడు కాలేయం తయారుచేసే ప్రోటీను. మలంలో చూసే కాల్‌ప్రొటెక్టిన్ తెల్ల రక్తకణాల నుండి వస్తుంది. గ్రాము మలంలో 50 మైక్రోగ్రాముల లోపు ఉంటే మామూలు, 250 దాటితే సాధారణంగా వాపు చురుకుగా ఉన్నట్లు. మచ్చ ఒక్కటే మిగిలిన పేగులో ఇవి పెరగకపోవచ్చు. చాలామందిలో వాపు, మచ్చ రెండూ కలిసే ఉంటాయి, చిక్కంతా అక్కడే.

మచ్చను రక్తంలోనే పట్టే బయోమార్కర్ల కోసం శాస్త్రజ్ఞులు వెతుకుతున్నారు. కొల్లాజెన్ తునకలు, కొన్ని యాంటీబాడీలు, జన్యువులు పరీక్షిస్తున్నారు. వైద్యుడు వాటి మీదే ఆధారపడి నిర్ణయం తీసుకోగల పరీక్ష ఒక్కటీ ఇంకా రాలేదు. కాబట్టి సి.టి., ఎం.ఆర్. స్కాన్లు, పేగు అల్ట్రాసౌండ్, కొలనోస్కోపీ చేయించమంటే డబ్బు దండగ అనుకోకండి. వాపుకు మందులున్నాయి. ముదిరిన మచ్చను స్టెరాయిడ్లు విప్పలేవు. దానికి బెలూనుతో వెడల్పు చేయడమో, ఆపరేషనో కావాలి.

మన దేశంలో మరో మాట చెప్పాలి. పేగు క్షయ కూడా అదే చోట వచ్చి, అలాగే మచ్చ మిగులుస్తుంది. క్షయ మందుల కోర్సు పూర్తయ్యాక కూడా నొప్పి ఉంటే, మందు పనిచేయలేదని మీరే తేల్చుకోకండి. క్రిములు చచ్చినా పేగు ఇరుకుగానే ఉండిపోయి ఉండవచ్చు.

పేగు ఇరుకైందని తేలినవారు పీచు ఎక్కువగా ఉన్నవి తగ్గించాలి. మన నల్లగొండ బత్తాయిని తొనలతో తినకండి, రసం వడకట్టి తాగండి. ములక్కాడ పిప్పి, మొక్కజొన్న, చెరుకు వద్దు. బీడీ, సిగరెట్టు క్రోన్స్‌ను ముదిరిస్తాయి. ఒళ్ళునొప్పులకని డైక్లోఫెనాక్ సూది మీ అంతట మీరు వేయించుకోకండి.

కడుపు ఉబ్బి, వాంతులై, గాలి కూడా పోవడం ఆగిపోతే తెల్లారేదాకా చూడవద్దు. ఏమీ తినిపించకుండా, విరేచనాల మందు ఇవ్వకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. పాత స్కాన్ ఫిల్ములు కూడా వెంట తెండి.