నార్‌అడ్రినలిన్: రక్తంలో హార్మోన్, నాడి కొసన న్యూరోట్రాన్స్‌మిటర్

గ్రూప్స్ రాయడానికి కొవ్వూరులో రైలెక్కిన అభ్యర్థికి గోదావరి వంతెన దాటుతుండగానే గుండె దడ మొదలవుతుంది, అరచేతులు చల్లబడతాయి. ఆ చల్లదనం నార్‌అడ్రినలిన్ పనే. సహానుభూత నాడుల కొసల నుంచి వెలువడి, ఆల్ఫా-1 గ్రాహకాల ద్వారా చర్మంలోని రక్తనాళాలను కుదిస్తుంది. బీటా-1 గ్రాహకాల ద్వారా గుండె వేగం పెంచుతుంది.

నాడి కొస నుంచి పక్క కణానికి చేరితే న్యూరోట్రాన్స్‌మిటర్; అడ్రినల్ గ్రంథి దవ్వ నుంచి రక్తంలో కలిస్తే హార్మోన్. పదార్థం మాత్రం ఒకటే. దవ్వ స్రావంలో సుమారు 80 శాతం అడ్రినలిన్, మిగతాది ప్రధానంగా నార్‌అడ్రినలిన్.

తయారీ వరుస తప్పక గుర్తుంచుకోండి: టైరోసిన్, డోపా, డోపమైన్, నార్‌అడ్రినలిన్, అడ్రినలిన్. మెదడులో నార్‌అడ్రినలిన్ ముఖ్య కేంద్రం పాన్స్‌లోని లోకస్ సెరూలియస్. మెలకువ, ఏకాగ్రత దాని చలవే. సహానుభూత నాడుల సందేశవాహకం ఇదేనని 1946లో గుర్తించిన స్వీడన్ శాస్త్రవేత్త ఉల్ఫ్ వాన్ ఆయిలర్ 1970లో నోబెల్ పంచుకున్నారు.

మన రాష్ట్రంలోనూ కనిపించే ఎర్రతేలు కుడితే ఇదే రసాయనం ప్రాణాల మీదకు తెస్తుంది. విషం వల్ల నాడుల్లోని సోడియం చానళ్లు సకాలంలో మూసుకోవు. అడ్రినలిన్, నార్‌అడ్రినలిన్ ఒక్కసారిగా పొంగి బీపీ ఎగుస్తుంది, గుండె దెబ్బతిని ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ఆల్ఫా-1 గ్రాహకాలను అడ్డుకునే ప్రాజోసిన్ మాత్రతో ఎందరినో బతికించారు. 2022లో పద్మశ్రీ అందుకున్నారు. పల్లె వైద్యుడి పరిశీలన ఎంత దూరం వెళ్లగలదో చూడండి! సెప్టిక్ షాక్‌లో బీపీ పడిపోతే మాత్రం నార్‌అడ్రినలిన్‌నే సెలైన్‌తో పాటు నరంలోకి ఎక్కిస్తారు.