తమ్ముడి అప్పులు నేనెన్నాళ్లు తీర్చాలి?

ప్రశ్న: తమ్ముడికి 29 ఏళ్లు. నాలుగేళ్లుగా రోజూ తాగుతున్నాడు. అప్పులవాళ్లు నాకు ఫోన్ చేస్తున్నారు. ఇక డబ్బివ్వనంటే ‘తోడబుట్టినదానివి కాదా’ అని అమ్మ ఏడుస్తోంది. ఏం చేయాలి?
– ఒక అక్క, ఖమ్మం

జవాబు: అతని తాగుడుకు మీరు కారణం కాదమ్మా. ఏళ్ల తరబడి తాగితే మెదడు మందుకు అలవాటు పడిపోతుంది. అది పడకపోతే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు. అమ్మ మీద ఒట్టేసినా మళ్లీ తాగేది అందుకే. మీ మీద ప్రేమ లేక కాదు.

డబ్బు మాత్రం ఆపండి. ఆకలంటే అన్నం పెట్టండి, జ్వరమొస్తే మందులు కొనివ్వండి. ఫోన్‌పే చేయొద్దు. అప్పులవాళ్లకు ‘నేను హామీ లేను, నన్నడగొద్దు’ అని ఒక్క ముక్కలో చెప్పండి. అసలు కష్టం అమ్మతోనే. మీరు ఆపినా ఆవిడ పోపులడబ్బాలోంచి తీసిస్తే లాభం లేదు కాబట్టి ముందు ఆవిడను ఒప్పించండి. తర్వాత పొద్దున్నే, మత్తులో లేనప్పుడు, ఇద్దరూ కలిసి అతనికి చెప్పండి. కొన్నాళ్లు అరుస్తాడు, అలుగుతాడు. ఒక్కసారి మెత్తబడ్డారా, ఇంకాస్త అరిస్తే ఇస్తారనుకుంటాడు.

గదిలో పెట్టి ఉన్నట్టుండి తాగుడు మాన్పించకండి. ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. డాక్టర్ పర్యవేక్షణలోనే మాన్పించాలి. సలహాకు మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయండి. వణుకు పెరిగినా, లేనివి కనిపిస్తున్నాయన్నా, ఫిట్స్ వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. చెయ్యి చేసుకుంటే 112కు, చచ్చిపోతానంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు చేయండి, ఒంటరిగా వదలకండి. తమ్ముడు రానన్నా సరే, మీరొక్కరైనా కౌన్సెలర్‌ను కలవండి.