విదేశములందు స్థిరనివాసము: ఎంపిక ఎట్లు జరుగును?

ఆర్మూరు ప్రాంతమున అంకాపూరు పేరెన్నికగన్న గ్రామము. పసుపు, మొక్కజొన్న, విత్తనోత్పత్తి ఇచ్చటి రైతులకు జీవనాధారములు. విత్తన సంస్థలు తమకెంత విత్తనము కావలయునో ముందుగా లెక్కించుకొని, ఆ మేరకే పొలములను ఎంపిక చేయుట ఈ రైతులు ఎరిగినదే. విదేశములు స్థిరనివాసులను చేర్చుకొను విధానము కూడ ఇట్టిదే. నిజామాబాదు జిల్లా నుండి అనేకులు గల్ఫు దేశములకును, అమెరికాకును పోవుచున్నారు గనుక, దీనిని మనము తెలిసికొనుట అవసరము.

కెనడా ప్రభుత్వము రాబోవు సంవత్సరములందు ఎందరిని చేర్చుకొనవలయునో నిర్ణయించి, ఏటేట పార్లమెంటునకు నివేదించును. 2025వ సంవత్సరమునకు తొలుత 5,00,000 మందిని అనుకొని, ఇండ్ల కొరత మున్నగు కారణములచే 2024 అక్టోబరులో ఆ సంఖ్యను 3,95,000కు తగ్గించెను. అచ్చట 1967లో మార్కుల పద్ధతి ఆరంభమయ్యెను. వయస్సు, చదువు, భాషాజ్ఞానము, పని అనుభవము, వీనినిబట్టి మార్కులు వేసి, ఎక్కువ వచ్చినవారిని ముందుగా పిలుతురు.

అమెరికా పద్ధతి వేరు. 1946 నాటి చట్టము భారతీయులకు ఏటికి సుమారు 100 చోట్లు మాత్రమే యిచ్చెను. 1965 నాటి చట్టము ఆ దేశవారీ వివక్షను తొలగించెను. నేడు ఉద్యోగము ఆధారముగా ఏటికి సుమారు 1,40,000 గ్రీన్‌కార్డులు ఇత్తురు. అందు ఏ ఒక్క దేశమునకును సాధారణముగా 7 శాతమునకు మించి చెందరాదు. దరఖాస్తుదారులు అధికముగా నున్నందున మనవారు ఏండ్ల తరబడి వేచియుండుటకు ఇదియే కారణము.

గల్ఫు దేశముల సంగతి మరియొకటి. అచ్చటికి పోవు సాధారణ కార్మికునకు లభించునది పని అనుమతి మాత్రమే. ఎన్ని ఏండ్లు శ్రమించినను స్థిరనివాసపు హక్కు రాదు. అనుమతి ముగిసిన పిదప తిరిగి రావలసినదే. కావున సంపాదన సాగు కాలముననే కొంత సొమ్ము వెనుక వేసికొనుట వివేకము.

చోట్ల సంఖ్యను, అర్హతలను నిర్ణయించునది ఆయా ప్రభుత్వములే గాని దళారులు కారు. “స్థిరనివాసము ఇప్పింతు” నను మాట నమ్మి పసుపు పండిన పొలమును కుదువబెట్టినచో, పొలమును పోవును, పయనమును చెడును. విదేశములందు పనికి పోవువారు 1983 నాటి వలస చట్టము క్రింద నమోదైన ఏజంటునే ఆశ్రయింపవలెను. ప్రభుత్వపు ‘ఈ-మైగ్రేట్’లో వారి పేర్లు చూచుకొనవచ్చును. చేతికి వచ్చిన కాగితము స్థిరనివాసమునకా, పనికా, సందర్శనకా అని చదువుకొన్నవారిచే చదివించుకొని, పిమ్మటనే డబ్బు చెల్లింపుడని మేము పాఠక సోదరులకు మనవి చేయుచున్నాము.