సేవకు గంటల లెక్క

మహాత్మాగాంధీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబర్ 24న, 37 విశ్వవిద్యాలయాలలో సుమారు 40,000 మంది విద్యార్థులతో జాతీయ సేవా పథకం ఆరంభమైంది. దాని చిహ్నం కోణార్క సూర్యరథ చక్రం. బ్యాడ్జీపై ఆ చక్రానికి ఉన్న ఎనిమిది ఆకులు ఎనిమిది జాములకు, అనగా 24 గంటలకు గుర్తు. వాలంటీరు రాత్రింబవళ్ళు సేవకు సిద్ధంగా ఉండాలని దాని భావం.

నియమం మాత్రం అంత కఠినమైనది కాదు. ఏడాదికి 120 గంటలు, రెండేళ్ళకు 240. వీటికి తోడు ఏడు రోజుల ప్రత్యేక శిబిరం. తొలి ఏడాది 20 గంటలు పథకాన్ని అర్థం చేసుకోవడానికే కేటాయిస్తారు. కళాశాల ఆవరణలోని పని 30 గంటలకు మించరాదు. ఈ హద్దు ఎంతో ముందుచూపుతో పెట్టినది. లేకుంటే కళాశాల తోటకు నీళ్ళు పోసి, ఊరి ముఖం చూడకుండానే ధ్రువపత్రం అందుకొనేవారు బయలుదేరుతారు.

వాలంటీరు తన డైరీలో తేదీ, చేసిన పని, పట్టిన గంటలు రాసుకోవాలి. ప్రోగ్రాం ఆఫీసరు దానిని సరిచూస్తారు. ఉద్యోగికి ఉన్నట్లు జీతంతో కూడిన సెలవు ఇక్కడ లేదు, ఎందుకంటే జీతమే లేదు. జ్వరం వచ్చి మానితే ఎవరూ దండించరు; కాని చేయని గంట జమ కాదు. మూడు గంటలు మొక్కలు నాటి నాలుగని రాసినవారిని పట్టుకోవడం కష్టమే. అయితే కొన్ని విశ్వవిద్యాలయాల ప్రవేశాలలో ఈ ధ్రువపత్రానికి వెయిటేజీ ఉంది. రాసుకొన్న ఆ అబద్ధపు గంట నిజంగా పనిచేసిన మరొకరి సీటుకు ఎసరు పెట్టవచ్చు.

శిబిరం విషయంలో ఇంత వెసులుబాటు లేదు. ఒక్క ప్రత్యేక శిబిరానికైనా వెళ్ళనివారికి 240 గంటలు నిండినా ధ్రువపత్రం రాదు.