చేపల వేటకు కొలబద్ద ఎందుకు? - టెక్సస్ తీరంలో ఒక పాఠం

పిల్లలూ, మన హ్యూస్టన్‌లో ఉండేవాళ్ళకు సముద్రం గంట ప్రయాణం. వేసవి సెలవుల్లో గాల్వెస్టన్ వెళ్ళి గేలం వేసి వచ్చినవాళ్ళు మా బడిలో ప్రతి తరగతిలోనూ ఉన్నారు. "నీరు - జలచరాలు" పాఠం చెప్పినప్పుడల్లా పెద్ద తరగతి పిల్లలు మమ్మల్ని మూడు ప్రశ్నలు అడుగుతుంటారు. రెడ్‌ఫిష్‌ని తెలుగులో ఏమంటారు? డబ్బిచ్చి గైడును పెట్టుకోవడం ఎందుకు? కష్టపడి పట్టిన పెద్ద చేపను మళ్ళీ నీళ్ళలో వదలడం ఏమిటి? మొదటి రెండింటికీ జవాబు చెప్పి, మూడోదాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం. అసలు పాఠం అక్కడే ఉంది.

నీళ్ళ సంగతి

టెక్సస్ తీరం పొడవునా సముద్రానికి, నేలకు మధ్య సన్నని ఇసుక దీవులు వరుసగా ఉంటాయి. గాల్వెస్టన్, మాటగోర్డా, మస్టాంగ్, పాడ్రే అలాంటివే. వీటి వెనక, అలల దెబ్బ తగలని చోట, లోతు తక్కువ ఉప్పునీళ్ళు ఉంటాయి. గాల్వెస్టన్ అఖాతం, మాటగోర్డా అఖాతం, అరాన్సాస్ అఖాతం, దక్షిణాన లగూనా మాద్రే. నెల్లూరు వైపు వాళ్ళకు ఈ అమరిక కొత్త కాదు. శ్రీహరికోట దీవి అడ్డుగా ఉండి, దాని వెనక పులికాట్ సరస్సు ఉన్నట్టే ఇదీను. లగూనా మాద్రేలో చాలాచోట్ల పెద్దవాళ్ళు నిలబడితే నడుం లోతు కూడా ఉండదు. నదుల నీరు తక్కువగా చేరి, ఎండకు ఆవిరి ఎక్కువ కావడంతో అక్కడి నీళ్ళు తరచు సముద్రం కంటే ఉప్పగా ఉంటాయి.

ఈ లోతులేని నీళ్ళ అడుగున సముద్రపు గడ్డి, ఆల్చిప్పల దిబ్బలు ఉంటాయి. రొయ్యలు, పీతలు, చిన్న చేపలు వాటిలో దాక్కుంటాయి. వాటిని తినడానికి రెడ్‌ఫిష్, ట్రౌట్ వస్తాయి. వాటి కోసం మనుషులు వస్తారు.

పేరులో ఏముంది?

రెడ్‌ఫిష్ అసలు పేరు రెడ్ డ్రమ్. రాగి చెంబు రంగు, తోక మొదట్లో నల్లని మచ్చ. కొన్నిటికి రెండు మూడు మచ్చలు కూడా ఉంటాయి. నోరు కిందివైపుకు ఉంటుంది కాబట్టి అడుగున పీతలను వెతుక్కుంటూ తింటుంది. లోతు మరీ తక్కువైతే తల కిందికి, తోక పైకి పెట్టి మేస్తుంది. అప్పుడు నీటిపైన తోక కదులుతూ కనిపిస్తుంది.

ఇక్కడ ట్రౌట్ అని పిలిచేది నిజానికి ట్రౌట్ కాదు. కొండవాగుల చల్లనీళ్ళలో ఉండే ట్రౌట్‌తో దీనికి చుట్టరికం లేదు. ఒంటిమీద నల్లచుక్కలు చూసి ఆ పేరు పెట్టారు. పై దవడలో రెండు కోరపళ్ళు ఉంటాయి. రొయ్యలను, చిన్న చేపలను తరిమి పట్టుకుంటుంది.

చూడటానికి వేరుగా ఉన్నా ఇవి రెండూ ఒకే కుటుంబం. ఆ కుటుంబం చాలావాటికి కడుపులోని గాలితిత్తి చుట్టూ ఉన్న కండరాలను వేగంగా ఆడించి, డప్పు కొట్టినట్టు చప్పుడు చేసే అలవాటు ఉంది. డ్రమ్ అనే పేరు అందుకే వచ్చింది. మన తీరంలో గొరసలని పిలిచే చేపలు ఈ కుటుంబమే. కాకినాడ, అంతర్వేది వైపు ఒక్క చేపే లక్షలు పలికిందని పేపర్లలో వస్తుంటుందే, ఆ కచిడి కూడా ఈ కుటుంబమే. దానికి అంత ధర తెచ్చేది ఆ గాలితిత్తే. కాబట్టి రెడ్‌ఫిష్‌కి తెలుగు పేరు లేకపోయినా తెలుగు చుట్టాలున్నారు. "కచిడికి టెక్సస్ దాయాది" అంటే ఊళ్ళో తాతగారికి వెంటనే అర్థమవుతుంది.

గైడు ఏం చేస్తాడు?

పడవ నడిపి చేపలు చూపించేవాడు అనుకుంటాం. అతని అసలు పని నీళ్ళను చదవడం. మనం చూస్తే ఎటు చూసినా ఒకటే నీరు. అతనికి అందులో గుర్తులు కనిపిస్తాయి. చిన్న చేపల గుంపు ఒక్కసారిగా పైకెగిరితే కింద ఏదో తరుముతోంది. ఒకచోట పక్షులు మూగి నీళ్ళమీదికి దూకుతుంటే కింద ట్రౌట్లు రొయ్యలను పైకి తోలుతున్నాయి. తేట నీరు, మురికి నీరు కలిసే గీత, గడ్డి మధ్యలో ఖాళీ ఇసుక, ఆల్చిప్పల దిబ్బ అంచు, ఇవన్నీ చేప కాపు కాసే చోట్లు.

మా తీరంలో ఆటుపోట్లు చిన్నవి. గాలి ప్రభావమే చాలాసార్లు ఎక్కువ. చలికాలంలో గట్టి ఉత్తరగాలి వీస్తే అఖాతంలో నీరు సముద్రంలోకి తోసుకుపోయి, నిన్న పడవ నడిచిన చోట ఇవాళ బురద తేలుతుంది. అందుకే గైడు ముందురోజు రాత్రే గాలి లెక్క చూసుకుంటాడు. చేపల దగ్గరికి వచ్చాక ఇంజను ఆపి, గెడ వేసుకుంటూ నిశ్శబ్దంగా వెళతాడు. పడవలో ఒక డబ్బా కింద పడితే చాలు, రెడ్‌ఫిష్ పారిపోతుంది.

పిల్లలకు మొదట నేర్పేది బెండు కట్టిన గేలం. బెండు కింద రెండడుగుల దారం, దాని చివర కొక్కానికి బతికున్న రొయ్య. కర్రను చిన్నగా లాగితే బెండు "బుడుక్" మంటుంది. ఎవరో రొయ్యను తింటున్నారనుకుని ట్రౌట్ వస్తుంది. బెండు మునగగానే బలంగా గుంజకూడదు. ట్రౌట్ నోటి చర్మం పల్చన, చిరిగి చేప తప్పించుకుంటుంది. రెడ్‌ఫిష్ అలా కాదు, కొక్కెం తగిలాక దూరంగా దౌడు తీస్తుంది. దారాన్ని పోనిచ్చి, అది అలసినప్పుడు చుట్టుకోవాలి.

కొలబద్ద ఎందుకు?

ఇప్పుడు మూడో ప్రశ్న. చేప పడవలోకి రాగానే గైడు చేసే మొదటి పని కొలవడం. నోరు మూసి, తోక రెండు కొసలు దగ్గరికి నొక్కి, కొలబద్ద మీద పక్కకు పడుకోబెడతాడు. టెక్సస్‌లో రెడ్‌ఫిష్ 20 నుంచి 28 అంగుళాల మధ్య ఉంటేనే ఉంచుకోవచ్చు, మనిషికి రోజుకు 3. 28 దాటినదాన్ని ఉంచుకోవాలంటే లైసెన్సుతో వచ్చే ప్రత్యేక ట్యాగు కట్టాలి. ట్రౌట్ 15 నుంచి 20 అంగుళాలు, అవీ రోజుకు 3.

చిన్నదాన్ని వదలడం అందరికీ అర్థమవుతుంది. పెద్దదాన్ని ఎందుకు? రెడ్‌ఫిష్ బాల్యం అంతా ఈ అఖాతాల్లోనే గడుపుతుంది. మూడు నాలుగేళ్ళకు పెద్దదై సముద్రంలోకి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత దశాబ్దాలు బతుకుతుంది. వేసవి చివర, శరదృతువులో దీవుల మధ్య సముద్రపు మొగల దగ్గరికి వచ్చి గుడ్లు పెడుతుంది. పోటు ఆ గుడ్లను, పిల్లలను అఖాతంలోని గడ్డిలోకి చేరుస్తుంది. అంటే 28 దాటిన చేప ఒక తల్లి లేదా తండ్రి. ట్రౌట్లలో ఆడవే ఎక్కువ పెరుగుతాయి, కాబట్టి బాగా పెద్ద ట్రౌట్ దాదాపు ఎప్పుడూ తల్లే. ఎంత పెద్ద తల్లి అయితే అన్ని ఎక్కువ గుడ్లు. ఒక పూట ఫోటో కోసం దాన్ని ఐసు పెట్టెలో వేస్తే, రాబోయే ఏళ్ళ లక్షల గుడ్లను కూడా వేసినట్టే.

ఈ లెక్క ఊరికే రాలేదు. 1970లలో వలల వేట మితిమీరి ఈ రెండు చేపలూ బాగా తగ్గిపోయాయి. 1981లో టెక్సస్ శాసనసభ ఇక్కడ పట్టిన రెడ్‌ఫిష్, ట్రౌట్ అమ్మకాన్ని నిషేధించింది. అదే దశకంలో న్యూ ఆర్లియన్స్ వంటవాడు పాల్ ప్రూడోమ్ మసాలా పట్టించి నల్లగా కాల్చిన రెడ్‌ఫిష్ దేశమంతా ప్రసిద్ధమైంది. గిరాకీ పెరిగి సముద్రంలోని పెద్ద చేపల మీద కూడా వలలు పడ్డాయి. చివరికి కేంద్ర ప్రభుత్వం తన పరిధిలోని గల్ఫ్ జలాల్లో రెడ్‌ఫిష్ వేటను ఆపేసింది. ఆ నిషేధం ఇప్పటికీ ఉంది. టెక్సస్‌లో చేపపిల్లల కేంద్రాలు పెట్టి అఖాతాల్లో పిల్లలను వదులుతున్నారు. లేక్ జాక్సన్‌లోని సీ సెంటర్ టెక్సస్ అలాంటిదే. 1996లో తెరిచారు, చూడటానికి రుసుము లేదు.

ప్రకృతి కూడా ఒక్కోసారి దెబ్బ తీస్తుంది. 2021 ఫిబ్రవరి చలికి మన ఇళ్ళలో కరెంటు, నీళ్ళు లేక ఎంత అవస్థ పడ్డామో గుర్తుందిగా. ఆ వారమే లోతులేని నీళ్ళు గడ్డకట్టేంత చల్లబడి టెక్సస్ తీరంలో కనీసం 38 లక్షల చేపలు చచ్చిపోయాయని రాష్ట్ర వన్యప్రాణి శాఖ లెక్క వేసింది. అందులో ట్రౌట్లు సుమారు లక్షా అరవై వేలు. దానితో ట్రౌట్ పరిమితి తాత్కాలికంగా తగ్గించారు. 2024లో ఇప్పటి కొలతలు వచ్చాయి. కాబట్టి గైడు ఒక అర అంగుళం తేడాకు చేపను వదిలితే మొండితనం అనుకోవద్దు. మీ తమ్ముడు, చెల్లెలు పెద్దవాళ్ళై వచ్చేసరికి ఇక్కడ చేప ఉండాలన్నదే ఆ అర అంగుళం.

బయలుదేరే ముందు

* 17 ఏళ్ళు నిండినవారికి ఉప్పునీటి ముద్రతో లైసెన్సు ఉండాలి. గైడు ఉన్నా ఇది తప్పదు. అంతకంటే చిన్నవారికి లైసెన్సు అక్కర్లేదు, కానీ కొలతలు, పరిమితి వారికీ వర్తిస్తాయి. నిబంధనలు ఏటా సెప్టెంబరు 1న మారే అవకాశం ఉంది, చూసుకోండి.
* గైడుకు రాష్ట్ర లైసెన్సు, కోస్ట్ గార్డు లైసెన్సు ఉన్నాయా అని అడగండి. అడగడం మర్యాదలోపం కాదు. చిన్న పడవలకు మామూలుగా ఉండే లైసెన్సు మీద ప్రయాణికులు ఆరుగురికి మించకూడదు. బంధువులొచ్చారని ఏడో మనిషిని ఎక్కించమనకండి.
* పిల్లలకు పడవ కదిలే ముందే లైఫ్ జాకెట్ తొడగండి.
* నీళ్ళలో దిగి నడిస్తే పాదాలు ఎత్తకుండా ఈడుస్తూ నడవండి. ఇసుకలో పడుకున్న టేకు చేప ఆ కదలికకు తప్పుకుంటుంది. తొక్కితే తోకముల్లు గుచ్చుతుంది. ఆల్చిప్పలు కత్తుల్లా కోస్తాయి, బూట్లు తప్పనిసరి. ఒంటిమీద పుండ్లు, తెగిన గాయాలు ఉన్నవారు దిగవద్దు. వెచ్చని ఉప్పునీటి సూక్ష్మజీవులు ప్రమాదకరం.
* వదలదలచిన చేపను తడి చేతులతోనే పట్టుకోండి. పొడి చేయి దాని ఒంటిమీది జిగురును తుడిచేస్తుంది.
* ఇంజను రెక్కతో సముద్రపు గడ్డిని పెళ్ళగించడం టెక్సస్‌లో నేరం. పడవ అద్దెకు తీసుకునే నాన్నలు గుర్తుంచుకోవాలి.

శాకాహారుల ఇళ్ళ పిల్లలు కూడా రావచ్చు. పట్టి, కొలిచి, వదిలేయడం ఇక్కడ చాలామంది చేసేదే. తినేవాళ్ళకు అమ్మల మాట: రెడ్‌ఫిష్ గట్టి కండ, పులుసులో విరగదు. ట్రౌట్ మెత్తన, వేపుడుకే బాగుంటుంది.

కొత్త మాటలు

ఆటు - సముద్రపు నీరు వెనక్కి తగ్గడం
పోటు - సముద్రపు నీరు పొంగి పైకి రావడం
మొగ - నీరు సముద్రంలో కలిసే ద్వారం
బెండు - నీటిపై తేలుతూ చేప ఎర అందుకోగానే మునిగేది
గెడ - పడవను తోసే పొడుగాటి కర్ర
దాయాది - ఒకే వంశానికి చెందినవాడు

ప్రశ్నలు

1. ఒక మనిషి ఒకే రోజు 19, 22, 27, 31 అంగుళాల రెడ్‌ఫిష్‌లు నాలుగు పట్టాడు. అతని దగ్గర ట్యాగు లేదు. ఏవి ఉంచుకోవచ్చు? ఏవి ఎందుకు వదలాలి?
2. గడ్డి అంతా పోతే రెడ్‌ఫిష్ పిల్లలకు ఏమవుతుంది? నాలుగు వాక్యాల్లో రాయండి.
3. మీ తాతయ్యకో అమ్మమ్మకో ఫోను చేసి, వాళ్ళ ఊరి చెరువులో, ఏటిలో, సముద్రంలో దొరికే చేపల పేర్లు ఐదు అడిగి తెలుసుకోండి. ఇప్పుడు దొరకనివి ఏవో కూడా అడగండి. వచ్చే వారం తరగతికి ఆ జాబితా తీసుకురండి.