ప్రోటాన్ స్కాన్ వచ్చేదాకా ఆగాలా?

ప్రశ్న: మా నాన్నగారికి పుర్రె అడుగున కణితి ఉంది. ప్రోటాన్ చికిత్సకు చెన్నై వెళ్లమన్నారు. ప్రోటాన్లతోనే తీసే స్కాన్ వస్తోందట, దానివల్ల గురి బాగా కుదురుతుందట. అప్పటిదాకా ఆగవచ్చా?
– ఓ పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఆగవద్దమ్మా. మీరు విన్నది నిజమే, కానీ ఆ స్కాన్ ఇంకా పరిశోధన దశలోనే ఉంది. కణితి మాత్రం ఆగదు.

ప్రోటాన్ కిరణం కొంత లోతుకు వెళ్లి, అక్కడే శక్తిలో ఎక్కువ భాగం వదిలి ఆగిపోతుంది. ఎక్కడ ఆగాలో లెక్క వేసేది మాత్రం ఎక్స్‌రేలతో తీసిన సీటీ స్కాన్ చూసి. ఆ లెక్కను ప్రోటాన్లకు మార్చేటప్పుడు సుమారు 3 శాతం తేడా రావచ్చు. 10 సెంటీమీటర్ల లోతులో అది 3 మిల్లీమీటర్లు. కంటి నరం పక్కన అది చిన్న దూరం కాదు. అందుకే డాక్టర్లు కణితి చుట్టూ కాస్త అంచు కలిపి ప్లాన్ చేస్తారు. ప్రోటాన్లనే ఒంట్లోంచి అవతలికి పంపి, దారిలో ఎంత శక్తి పోయిందో కొలవగలిగితే ఆ అంచు తగ్గుతుంది. కొత్త స్కాన్ ఉద్దేశం అదే.

ఈలోగా మీరు చేయగలిగింది ఉంది. పళ్లలో లోహపు తొడుగులు, తలలో ప్లేట్లు, క్లిప్పులు ఉంటే సీటీకి ముందే చెప్పండి. లోహం లెక్కను బాగా తప్పిస్తుంది. లెక్కలో ఆ తేడాను కొంత తగ్గించే రెండు శక్తుల సీటీ (డ్యూయల్ ఎనర్జీ సీటీ) అక్కడ ఉందేమో అడగండి. చికిత్స మధ్యలో బరువు తగ్గినా, ముఖానికి వేసే మాస్కు వదులైనా వెంటనే చెప్పాలి. మళ్లీ స్కాన్ తీస్తామంటే కంగారుపడకండి, అది జాగ్రత్త.

చూపు మసకబారినా, ఒకటి రెండుగా కనిపించినా, వాంతులతో తీవ్రమైన తలనొప్పి లేదా ఫిట్స్ వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా నాన్నగారిని దగ్గర్లోని పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.